రాజీవ్ చౌక్ స్టేషన్ ఇంకా వెడల్పుగా కట్టి ఉంటే రద్దీ తగ్గేదా?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో గది తీసుకుని ఉంటున్న తెలుగు విద్యార్థి ఒకరు రోజూ జీటీబీ నగర్‌లో మెట్రో ఎల్లో లైన్ ఎక్కి, రాజీవ్ చౌక్‌లో బ్లూ లైన్‌కి మారి, లక్ష్మీ నగర్‌లో సీఏ కోచింగ్‌కి వెళ్తున్నారు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు రాజీవ్ చౌక్‌లో ఊపిరాడటం లేదంటున్నారు. మూడు ప్రశ్నలు వేశారు. అంత డబ్బు పోసి కట్టినవాళ్లు ఇంకో పది మీటర్లు వెడల్పు ఎందుకు పెంచలేదు? మన అమీర్‌పేట స్టేషన్ ఇంతకన్నా నయం కదా? భూమి కింద ఏదైనా ప్రమాదం జరిగితే బయటపడగలమా?

నేను సివిల్ ఇంజినీర్‌ని. ఇరవై రెండేళ్లుగా భూగర్భ మెట్రో పనుల్లోనే ఉన్నాను. మొదటి ఎనిమిదేళ్లు గోతుల్లో సైట్ ఇంజినీర్‌గా చేశాను. తర్వాత స్టేషన్లలో జనం ఎటు నుంచి ఎటు ఎంత వేగంగా కదులుతారో లెక్కలు కట్టే పనిలోకి మారాను. రాజీవ్ చౌక్ కట్టడంలో నా చెయ్యి లేదు. కానీ ఢిల్లీలో ఉన్న ఆరేళ్లూ రోజూ అక్కడే లైను మారేవాణ్ని. మీరు చెప్తున్న ఆ సాయంత్రం తోపులాట నాకు బాగా తెలుసు.

మొదటి ప్రశ్నకి సూటిగా చెప్తాను. వెడల్పు పెంచి ఉంటే మీకు నిలబడటానికి కాస్త చోటు దొరికేది. రద్దీ మాత్రం పోయేది కాదు. చెరువు ఎంత పెద్దదైనా పొలానికి పారే నీళ్లు తూమును బట్టే ఉంటాయి. భూగర్భ స్టేషన్‌కి తూములంటే ఎస్కలేటర్లు, మెట్లు. ప్లాట్‌ఫారం వెడల్పు చేస్తే ఎక్కువమంది పడతారు, అంతే. వాళ్లు అక్కడి నుంచి కదిలే వేగం పెరగదు. అందుకే మేం డిజైన్‌కి కూర్చున్నప్పుడు ముందు అడిగే ప్రశ్న చోటు గురించి ఉండదు, టైం గురించి ఉంటుంది. ఈ రైలు దించిన జనం, తర్వాతి రైలు వచ్చేలోపు ప్లాట్‌ఫారం ఖాళీ చేయగలరా?

ఒక లెక్క వేసి చూపిస్తాను. ఇవి రాజీవ్ చౌక్ అంకెలు కావు, విషయం అర్థం కావడానికి నేను అనుకున్నవి. ఇద్దరు పక్కపక్కన నిలబడగలిగే మామూలు ఎస్కలేటర్ నిమిషానికి దాదాపు 100 మందిని మోస్తుంది. రైలు దిగినవాళ్లలో 600 మంది లైను మారేవాళ్లు అనుకోండి. వాళ్లు వెళ్లాల్సిన వైపు మూడు ఎస్కలేటర్లు ఉన్నాయనుకోండి. నిమిషానికి 300 మంది చొప్పున రెండు నిమిషాల్లో ప్లాట్‌ఫారం ఖాళీ అవుతుంది. రైళ్లు రెండున్నర నిమిషాలకి ఒకటి వస్తుంటే, చేతిలో అర నిమిషం మిగులుతుంది. అంతా సాఫీగా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ మూడింటిలో ఒకటి ఆగిపోయిందనుకోండి. రెండున్నర నిమిషాల్లో 500 మందే వెళ్లగలరు. వంద మంది మిగిలిపోతారు. తర్వాతి రైలుకి మరో వంద. ఆరు రైళ్లు వచ్చేసరికి, అంటే పావుగంటలో, ఒక రైలు నుంచి లైను మారేంత జనం, అంటే 600 మంది, ప్లాట్‌ఫారం మీద అదనంగా నిలబడి ఉంటారు. ఎవరి తప్పూ లేదు. ఎవరూ తోసుకోలేదు. కేవలం ఒక యంత్రం ఆగింది. ఆగిన ఎస్కలేటర్‌ని మెట్లలా వాడుకోవచ్చు కదా అంటారేమో. వాడతారు. కానీ ఎస్కలేటర్ మెట్టు మామూలు మెట్టు కన్నా ఎత్తుగా ఉంటుంది. పెద్దవాళ్లు, బ్యాగులున్నవాళ్లు నెమ్మదిస్తారు, వాళ్ల వెనక ఉన్నవాళ్లందరూ నెమ్మదిస్తారు.

ఈ లెక్క ఇంకా తేలికైనదే. నిజం స్టేషన్‌లో ఎదురు దిశ రైలు కూడా అదే నిమిషంలో వస్తుంది. పై లైను నుంచి కిందికి, కింది లైను నుంచి పైకి వెళ్లేవాళ్లు ఒకే మెట్ల దగ్గర ఎదురవుతారు. చదరపు మీటరుకి నలుగురు దాటితే మనిషి తన ఇష్టప్రకారం అడుగు వేయలేడు, పక్కవాళ్ల అడుగే తన అడుగవుతుంది. మీకు ఊపిరాడనట్టు అనిపించేది ఆ స్థితిలోనే.

ఇక రాజీవ్ చౌక్‌కి ఉన్న ప్రత్యేకమైన చిక్కులు.

అక్కడ బ్లూ లైన్ పై అంతస్తులో, ఎల్లో లైన్ దాని కింది అంతస్తులో ఉంటాయి. ఎల్లో లైన్ 2005 జులైలో సెంట్రల్ సెక్రటేరియట్ దాకా నడవడం మొదలైనప్పుడే ఈ స్టేషన్ తెరిచారు. అదే ఏడాది డిసెంబర్ 31న బ్లూ లైన్ వచ్చింది. అప్పట్లో రైలుకి నాలుగే పెట్టెలు. ఇప్పుడు ఎనిమిది. ముందుచూపుతో ప్లాట్‌ఫారం పొడవును ఎనిమిది పెట్టెలకే కట్టారు, అందుకే రైళ్లను పొడిగించగలిగారు. కానీ ఒక్కో రైలు దించే జనం రెట్టింపయ్యారు. ఎల్లో, బ్లూ లైన్లు నేరుగా కలిసే స్టేషన్ ఇప్పటికీ ఇదొక్కటే. ఎల్లో లైన్ ఉత్తరాన సమయ్‌పూర్ బాద్లీ నుంచి దక్షిణాన గురుగ్రామ్ దాకా, బ్లూ లైన్ పడమట ద్వారక నుంచి తూర్పున నోయిడా, వైశాలి దాకా పోతాయి. నాలుగు దిక్కుల జనం కలిసేది ఆ ఒక్క చోటే.

చాలామంది గమనించని సంగతి ఇంకోటుంది. మీరు లక్ష్మీ నగర్ వెళ్తారు కాబట్టి మీకు అనుభవమే. తూర్పు వైపు బ్లూ లైన్ యమునా బ్యాంక్ దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి నోయిడాకి, ఒకటి లక్ష్మీ నగర్ మీదుగా వైశాలికి. రాజీవ్ చౌక్‌లో తూర్పు ప్లాట్‌ఫారం మీదికి ఈ రెండు రకాల రైళ్లూ వస్తాయి. నోయిడా రైలు వస్తే వైశాలి వైపు వెళ్లేవాళ్లు చాలామంది ఎక్కకుండా ఆగుతారు. వైశాలి రైలు వస్తే నోయిడా వాళ్లు ఆగుతారు. అంటే ఏ రైలు వచ్చినా ప్లాట్‌ఫారం పూర్తిగా ఖాళీ కాదు. ఆగినవాళ్లు తలుపుల ఎదురుగానే నిలబడతారు, దిగేవాళ్లకి దారి ఉండదు. నా దృష్టిలో రాజీవ్ చౌక్ పై అంతస్తు ఇబ్బందిలో పెద్ద భాగం స్టేషన్ వెడల్పు వల్ల వచ్చింది కాదు, అక్కడి నుంచి ఐదో స్టేషన్ దగ్గర ఉన్న ఆ చీలిక వల్ల వచ్చింది.

ఇలాంటి స్టేషన్ ఆలస్యం దానితోనే ఆగదు. మామూలు స్టేషన్‌లో రైలు ఇరవై ముప్ఫై సెకన్లు ఆగి కదులుతుంది. లైను మారే స్టేషన్‌లో తలుపులు మూసుకోనివ్వకపోతే ఆ ఆగడం పెరుగుతుంది. వెనక రైలు సొరంగంలో ఎదురుచూస్తుంది, దాని వెనకది అంతకు ముందు స్టేషన్‌లో. లైను మొత్తం మీద రెండు నిమిషాలకొక రైలు నడపగలమా లేదా అనేది ఆ ఒక్క స్టేషన్‌లో తలుపులు ఎంత త్వరగా మూసుకుంటాయనే దాని మీద ఆధారపడి ఉంటుంది. మీరు తలుపు ముందు నుంచి రెండడుగులు పక్కకి జరిగితే లాభపడేది మీ పక్కవాళ్లే అనుకోకండి, బాద్లీలో ఎదురుచూస్తున్నవాళ్లు కూడా.

ఇంకో మాట. ఢిల్లీ మెట్రో రోజువారీ ప్రయాణాల సంఖ్య పేపర్లో చూస్తుంటారు. 2024 నవంబర్ 18న 78.67 లక్షలు అని వచ్చింది. అందులో ఒక మనిషి ఎన్ని లైన్లు వాడితే అన్నిసార్లు లెక్కకొస్తాడు. మీరు పొద్దున ఒకసారి వెళ్లడం అక్కడ రెండు ప్రయాణాలు. ఆ అంకె అంత పెద్దగా ఉండటానికి లైన్లు మారేవాళ్లు అంత ఎక్కువగా ఉండటమే ఒక కారణం. వాళ్లలో పెద్ద వాటా రాజీవ్ చౌక్‌దే.

మరి కట్టేటప్పుడే పెద్దగా కట్టాల్సింది కదా అన్నది మీ అసలు ప్రశ్న. భూమి కింద వెడల్పుకి ఎంత ఖర్చవుతుందో పైనుంచి చూస్తే తెలియదు.

కనాట్ ప్లేస్ మధ్యలో ఉన్న గుండ్రటి సెంట్రల్ పార్కే ఆ స్టేషన్‌కి దొరికిన చోటు. చుట్టూ ఉన్న తెల్లటి స్తంభాల భవనాలు 1930ల నాటివి. పక్కనే పాలికా బజార్ కూడా భూమి కిందే ఉంది. పెద్ద గొయ్యి తవ్వితే చుట్టూ ఉన్న మట్టి లోపలికి ఒరగాలని చూస్తుంది. కొన్ని మిల్లీమీటర్లు ఒరిగినా పాత గోడలకి పగుళ్లు వస్తాయి. గొయ్యి వెడల్పయ్యేకొద్దీ ఆ గోడల దగ్గరికి వెళ్తాం.

ఈ రకం స్టేషన్లను పైనుంచి తవ్వి, లోపల కట్టి, మళ్లీ కప్పేస్తారు. సైట్లో అందరూ కట్ అండ్ కవర్ అనే అంటారు. చాలాచోట్ల ముందు గొయ్యి చుట్టూ లోతుగా సన్నటి కందకం తవ్వి, ఇనుప చట్రం దించి కాంక్రీటు పోస్తాం. దాన్ని డయాఫ్రమ్ వాల్ అంటారు, మా పనివాళ్ల నోట డీవాల్. తర్వాత లోపలి మట్టి తీస్తాం. ఆ గోడలు లోపలికి పడిపోకుండా ఆపేది ఏమిటనుకుంటున్నారు? మీరు నడిచే అంతస్తులే. కాంకోర్స్ (టికెట్ గేట్లుండే అంతస్తు) స్లాబు, ప్లాట్‌ఫారం స్లాబు రెండు గోడల మధ్య అడ్డకర్రల్లా నిలబడి మట్టి ఒత్తిడిని మోస్తుంటాయి. ఎస్కలేటర్ పెట్టాలంటే ఆ స్లాబుకి పెద్ద రంధ్రం వదలాలి. ప్రతి రంధ్రమూ ఆ అడ్డకర్రను బలహీనపరుస్తుంది, దాని చుట్టూ అదనపు దూలాలు కట్టాలి. ఎన్ని రంధ్రాలు, ఎక్కడెక్కడ అన్నది డిజైన్ రోజునే తేలిపోవాలి. రైళ్లు నడుస్తుండగా, ఇరవై ఏళ్ల తర్వాత "ఇంకో నాలుగు ఎస్కలేటర్లు పెట్టేద్దాం" అంటే మాటలు కాదు. నన్నడిగితే ఈ రంగంలో మేం చేసే పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ప్లాట్‌ఫారం పొడవును యాభై ఏళ్లకి ఆలోచించి కడతాం, అంతస్తుల మధ్య దారుల్ని మాత్రం ప్రారంభమైన మొదటి పదేళ్ల జనాన్ని చూసి కడతాం. నేను పనిచేసిన చోట్ల దీని గురించి ఎన్నిసార్లు వాదించానో లెక్కలేదు. కొన్నిసార్లు ఒప్పుకున్నారు, ఎక్కువసార్లు బడ్జెట్ ఒప్పుకోలేదు.

పైకప్పు సంగతి ఇంకోటి. రెండు మీటర్ల మట్టి పోసి పార్కు పెంచితే ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు నాలుగు టన్నుల బరువు. స్తంభాలు లేకుండా వెడల్పు పెంచితే ఆ బరువు మోసే దూలాలు లావెక్కాలి. స్తంభాలు పెడితే అవి జనానికి అడ్డం. కింది నుంచి నీళ్ల ఒత్తిడి కూడా ఉంటుంది. ఖాళీ చెంబుని బోర్లించకుండా నీళ్ల తొట్టిలోకి నొక్కి చూడండి, ఎలా పైకి తోస్తుందో. భూగర్భ జలం పైకి వచ్చినచోట స్టేషన్ పెట్టె మొత్తం ఆ చెంబు లాంటిదే. సొంత బరువుతో, పైనున్న మట్టి బరువుతో దాన్ని కింద నొక్కి ఉంచుతాం. ఆ బరువు చాలని చోట కిందికి లాగి పట్టుకునే పైల్స్, అంటే భూమిలోకి లోతుగా దించిన కాంక్రీటు స్తంభాలు, వేస్తాం.

ఇప్పుడు అమీర్‌పేట. నాకూ ఆ స్టేషన్ ఇష్టమే, హైదరాబాద్ వచ్చినప్పుడల్లా అక్కడ దిగి కాసేపు జనాన్ని చూస్తూ నిలబడతాను. కానీ రెండింటినీ పోల్చడం సరికాదు. హైదరాబాద్ మెట్రో రైలుకి మూడు పెట్టెలు, రాజీవ్ చౌక్ వచ్చే రైలుకి ఎనిమిది. ఒక్కో రైలు దించే జనంలోనే అంత తేడా ఉంది. పైగా హైదరాబాద్‌లో అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్స్, మూడు ఇంటర్‌చేంజ్‌లూ, అంటే లైను మారే స్టేషన్లూ, గాలిలోనే ఉన్నాయి. పొగ వస్తే దానంతటదే పోతుంది. కరెంటు పోయినా పగటి వెలుతురు ఉంటుంది. అక్కడ భూమి కింద ఉన్నది గట్టి గ్రానైట్ రాయి. దాన్ని తొలిచి స్టేషన్ కట్టడం చాలా ఖరీదు. మామూలుగానే భూగర్భ మార్గం పైవంతెన మార్గం కన్నా రెండు మూడు రెట్లు ఖర్చు పెట్టిస్తుంది. కనాట్ ప్లేస్‌లో మాత్రం ఆ భవనాల మధ్య పైవంతెన కట్టాలని ఎవరూ అనలేరు. ఎక్కడి పద్ధతి అక్కడిదే.

మీరు పోల్చాలనుకుంటే సింగపూర్‌లోని సిటీ హాల్, రాఫిల్స్ ప్లేస్ స్టేషన్లతో పోల్చండి. అక్కడ ఉన్న తెలుగువాళ్లకి ఇవి బాగా తెలుసు. రెండు లైన్లనూ పక్కపక్కన తెచ్చి, ఒక రైలు దిగి ప్లాట్‌ఫారం దాటి ఎదురుగా ఉన్న రెండో లైను రైలెక్కేలా కట్టారు. కొన్ని దిశలకి ఒక స్టేషన్‌లో, మిగతా దిశలకి పక్క స్టేషన్‌లో. ఎస్కలేటరే అక్కర్లేదు. 1987 నాటికే అలా కట్టారంటే ఆ ప్లానింగ్‌కి దండం పెట్టాలి. కానీ దానికోసం రెండు లైన్లూ ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్ దాకా జంటగా నడవాలి. ఢిల్లీలో ఒకటి ఉత్తర దక్షిణాలుగా, ఇంకోటి తూర్పు పడమరలుగా వచ్చి కూడలిలా దాటుకుంటాయి. బెంగళూరు మెజెస్టిక్‌లోనూ అంతే, పర్పుల్, గ్రీన్ లైన్లు ఒకదాని కింద ఒకటి దాటుకుంటాయి. అలా దాటినప్పుడు మెట్లు ఎక్కడం దిగడం తప్పదు.

రాజీవ్ చౌక్‌కి ఒక మంచి గుణం ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. రెండు లైన్లూ వస్తాయని ముందే తెలుసు కాబట్టి ఒకే గొయ్యిలో కట్టారు. అందుకే అక్కడ లైను మారడానికి నడక తక్కువ. హౌజ్ ఖాస్ చూడండి. ఎల్లో లైన్ స్టేషన్ 2010లో తెరిచారు, మెజెంటా లైన్ స్టేషన్‌ని 2018లో దాని పక్కన ఇంకా లోతుగా, దాదాపు 29 మీటర్ల లోతున కట్టారు. రద్దీ తక్కువే గానీ నడిచి నడిచి ఎస్కలేటర్ల మీద ఎస్కలేటర్లు ఎక్కాలి. మా అమ్మ ఢిల్లీ వచ్చినప్పుడు మోకాళ్ల నొప్పులతో రెండు చోట్లా నా చెయ్యి పట్టుకుని తిరిగింది. రాజీవ్ చౌక్‌లో జనానికి భయపడింది, హౌజ్ ఖాస్‌లో దూరానికి అలిసిపోయింది. రెండింట్లో ఏది నయమని అడిగితే, "లిఫ్టు ఎక్కడుందో ముందే చెప్పేది ఏదైతే అది" అంది. ఆ మాట తర్వాత మా ఆఫీసు మీటింగుల్లో చాలాసార్లు చెప్పాను. లిఫ్టు గుర్తు రైలు దిగినచోటే కనిపించాలి, ప్లాట్‌ఫారం చివరకి నడిచాక కాదు.

మూడో ప్రశ్న, అంటే ప్రమాదం జరిగితే ఏమిటన్నది. దీనికి కొంచెం ఎక్కువ రాస్తాను. ఎందుకంటే మీలాంటి భయంతో చాలామంది తల్లిదండ్రులు అడుగుతుంటారు.

మన దేశంలో భూగర్భ మెట్రోలను ఎన్‌ఎఫ్‌పీఏ 130 అనే అమెరికన్ ప్రమాణాన్ని ఆధారంగా చేసుకుని డిజైన్ చేస్తారు. అందులో రెండు గడువులుంటాయి. ప్లాట్‌ఫారం మీది జనమంతా 4 నిమిషాల్లో అక్కడి నుంచి కదిలిపోవాలి. అన్నిటికన్నా దూరంగా ఉన్న మనిషి కూడా 6 నిమిషాల్లో పొగ చేరని సురక్షిత స్థానానికి చేరాలి. ఈ లెక్క వేసేటప్పుడు ప్రతి అంతస్తులో ఒక ఎస్కలేటర్ పనిచేయడం లేదనుకునే వేయాలి. లిఫ్టును అసలు లెక్కలోకి తీసుకోం. పొగ కోసం సొరంగాల చివర్లలో పెద్ద ఫ్యాన్లుంటాయి. 250 డిగ్రీల వేడి గాలిని లాగుతూ గంటసేపు తిరగగలిగేలా వాటిని చేయిస్తారు. రెండు వైపులా తిప్పొచ్చు. మంట ఎటుంటే అటు పొగను లాగి, జనం వెళ్లే వైపు తాజా గాలి పంపుతారు. మామూలు రోజుల్లో రైలు రాకముందే మీ మొహానికి తగిలే గాలి మాత్రం ఫ్యాన్లది కాదు. సొరంగంలో రైలు పిచికారీ ముషలంలా గాలిని ముందుకు నెట్టుకొస్తుంది, అది.

ఈ నియమాలేవీ ఊరికే రాలేదు. 1987 నవంబర్ 18 సాయంత్రం లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో మంటలు లేచాయి. అది కూడా భూగర్భ ఇంటర్‌చేంజే. పికడిల్లీ లైన్ వైపు చెక్క ఎస్కలేటర్ సందులోంచి వెలిగిన అగ్గిపుల్ల కిందపడి, అక్కడ పేరుకున్న గ్రీజు, దుమ్ము అంటుకున్నాయి. మొదట అట్టపెట్టె తగలబడుతున్నంత చిన్న మంట. ఎస్కలేటర్ ఏటవాలు కాలువలో మంట పైకి లేవకుండా వాలుకు అతుక్కుని పాకి, ఒక్కసారిగా పైనున్న టికెట్ హాల్లోకి చిమ్మింది. 31 మంది చనిపోయారు. ఆ ప్రమాదం గురించి చదివినప్పుడల్లా నన్ను కలచివేసే విషయం ఒకటుంది. కింద ఉన్న ప్రయాణికుల్ని మంట లేని రెండో లైను ఎస్కలేటర్ల మీదుగా పైకి పంపారు. పంపినవాళ్లు మంచి ఉద్దేశంతోనే పంపారు. కానీ ఆ ఎస్కలేటర్లు కూడా చేరేది అదే టికెట్ హాల్లోకి. రెండు లైన్లకీ బయటికి దారి ఒకటే అయినప్పుడు వచ్చే ప్రమాదం అది.

అందుకే ఇంటర్‌చేంజ్ ప్లాన్ నా బల్ల మీదికి వస్తే నేను ముందు చూసేది ఒకటే. ఒక మూల పొగతో నిండితే, దాన్ని దాటకుండా బయటపడే వేరే దారి ప్రతి ప్లాట్‌ఫారం నుంచీ ఉందా? రాజీవ్ చౌక్‌లో కాంకోర్స్ నుంచి కనాట్ ప్లేస్ చుట్టూ వేర్వేరు వైపులకి గేట్లున్నాయి. ఇది దానికున్న పెద్ద బలం. వర్షాకాలంలో గమనించండి, మెట్రో గేటు దగ్గర ముందు కొన్ని మెట్లు పైకెక్కి తర్వాత కిందికి దిగుతారు. రోడ్డు మీది వరద లోపలికి రాకుండా పెట్టిన గట్టు అది.

మంటల కన్నా నేను ఎక్కువ భయపడేది తొక్కిసలాటకి. చాలా ఏళ్ల కిందట, ఇంకో నగరంలో, పేరు వద్దు, సాయంత్రం రద్దీలో పైకి వెళ్లే ఎస్కలేటర్ ఆగిపోయింది. నేను ఆ సమయంలో చేతిలో కౌంటర్ పట్టుకుని జనాన్ని లెక్కపెడుతున్నాను. కింద రైలు మీద రైలు వచ్చి జనాన్ని దించుతూనే ఉంది. పైనున్నవాళ్లకి కింద ఏం జరుగుతోందో తెలియదు, కిందవాళ్లకి పైన ఎందుకు ఆగారో తెలియదు. ఒక చిన్నపిల్లని తండ్రి భుజాల మీదికి ఎత్తుకున్నాడు. ఆ పిల్ల అక్కణ్నుంచి చూసి "నాన్నా, ముందు ఖాళీగానే ఉంది" అని చెప్తోంది. నిజమే, ఎస్కలేటర్ దాటాక అంతా ఖాళీ. పది నిమిషాల తర్వాత ఎవరో రైళ్లను ఆ స్టేషన్‌లో ఆపకుండా పంపమని చెప్పాక గానీ సర్దుకోలేదు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ పది నిమిషాల్లో నా కౌంటర్ నొక్కడం నేనెప్పుడో మానేశాను.

అందుకే సిబ్బంది రాజీవ్ చౌక్‌లో ఒక గేటు కాసేపు మూసేసినా, ఎస్కలేటర్ దిశ మార్చినా, తాడు కట్టి ఒకే వైపు నడవమన్నా దయచేసి కోప్పడకండి. తూము దగ్గర ఒత్తిడి తగ్గించడానికి వాళ్లకి ఉన్న సాధనాలు అవే. డిసెంబర్ 31 రాత్రి 9 తర్వాత అక్కడి నుంచి బయటికి వెళ్లనివ్వకుండా ఆపడం ఏళ్లుగా చూస్తున్నాం. లైను మారేవాళ్లను మాత్రం ఆపరు. పైన కనాట్ ప్లేస్ నిండిపోతే ఆ జనం మెట్ల మీద ఆగి కిందివాళ్లకి దారి మూసేస్తారనే భయంతో చేసే పని అది.

మీ దారి సంగతికి వస్తాను. జీటీబీ నగర్ నుంచి లక్ష్మీ నగర్‌కి రాజీవ్ చౌక్ మీదుగానే వెళ్లాలని లేదు. కశ్మీరీ గేట్‌లో దిగి వయొలెట్ లైన్ ఎక్కండి. లాల్ ఖిలా, జామా మసీదు, ఢిల్లీ గేట్, ఐటీఓ దాటాక మండీ హౌస్ వస్తుంది. అక్కడ బ్లూ లైన్‌లో వైశాలి రైలు పట్టుకోండి. 2017 మేలో ఐటీఓ నుంచి కశ్మీరీ గేట్ దాకా ముక్క తెరిచాక ఈ దారి ఏర్పడింది. రెండుసార్లు మారాలి, కశ్మీరీ గేట్‌లో నడక కూడా ఉంటుంది. పొద్దున పూట నేనైతే రాజీవ్ చౌక్ మీదుగానే వెళ్తాను, ఎందుకంటే ఆ వేళ తూర్పు వైపు వెళ్లే రైళ్లలో జనం తక్కువ, ఎక్కువమంది ఎదురు దిశలో ఊళ్లోకి వస్తుంటారు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో మాత్రం మండీ హౌస్‌లో దిగిపోండి. కశ్మీరీ గేట్‌లో ఎల్లో లైన్ రైలు నుంచి చాలామంది దిగుతారు, నా అనుభవంలో అక్కడ చోటు దొరికే అవకాశం ఎక్కువ. ఐదు పది నిమిషాలు ఆలస్యమైనా ఊపిరి పీల్చుకోవచ్చు.

చదివేవాళ్లలో ఇతరులకి కూడా పనికొస్తుందని రాస్తున్నాను. గురుగ్రామ్ వైపు నుంచి నోయిడా వెళ్లేవాళ్లు హౌజ్ ఖాస్‌లో మెజెంటా ఎక్కి బొటానికల్ గార్డెన్‌లో దిగొచ్చు. ఉత్తరం నుంచి ద్వారక వైపు వెళ్లేవాళ్లు ఆజాద్‌పూర్‌లో పింక్ లైన్ ఎక్కి రాజౌరీ గార్డెన్‌లో బ్లూ లైన్‌కి మారొచ్చు. దక్షిణం నుంచి లక్ష్మీ నగర్ వెళ్లేవాళ్లకి సెంట్రల్ సెక్రటేరియట్‌లో వయొలెట్ ఎక్కితే మధ్యలో జన్‌పథ్, ఆ తర్వాత మండీ హౌస్. మహిళలకి రైలు వెళ్లే దిశలో మొదటి పెట్టె ఎలాగూ ఉంది.

తప్పనిసరై రాజీవ్ చౌక్‌లోనే మారాల్సి వస్తే, పైన వేసిన ఆ అర నిమిషం లెక్క గుర్తుంచుకోండి. రైలు దిగగానే అందరితో పాటు ఎస్కలేటర్ వైపు పరిగెత్తకండి. తలుపు ముందు కూడా ఆగకండి. గోడ వైపు జరిగి రెండు నిమిషాలు నిలబడండి. మీ రైలు జనం వెళ్లిపోయి, తర్వాతి రైలు ఇంకా రాని ఆ కాస్త ఖాళీలో ఎస్కలేటర్ ఎక్కండి. లైన్లో తోసుకుంటూ వెళ్లినా దాదాపు అదే టైం పడుతుంది. రోజూ ఎస్కలేటర్ ఎదురుగా ఆగే పెట్టెలోనే ఎక్కాలనే అలవాటు కూడా మానుకోండి, అందరూ అదే చేయడం వల్ల ఆ తలుపు దగ్గరే ఎక్కువ ఆలస్యం. ఒకటి రెండు పెట్టెలు పక్కకి ఎక్కండి. మంటలు, పొగ కనిపిస్తే లిఫ్టు జోలికి వెళ్లకండి, ఆకుపచ్చ ఎగ్జిట్ బోర్డులు చూసుకుంటూ సిబ్బంది చెప్పిన వైపు వెళ్లండి. రైలు సొరంగంలో ఆగిపోతే తలుపులు బలవంతంగా తెరవకండి. పైన 25 వేల వోల్టుల తీగ ఉంటుంది, డ్రైవర్ చెప్పేదాకా లోపలే ఉండటం క్షేమం.

ఒక ఆదివారం పొద్దున తీరిగ్గా రాజీవ్ చౌక్ వెళ్లి, ఎల్లో లైన్ ప్లాట్‌ఫారం రెండు చివర్ల నుంచీ పైకి దారులు ఎన్నున్నాయో, లిఫ్టు ఎక్కడుందో, ఏ గేటు ఎటు తేలుతుందో ఒకసారి నడిచి చూసి రండి. మండీ హౌస్ దారి కూడా ఒక వారం ప్రయత్నించి, సాయంత్రం ఎన్ని నిమిషాలు పట్టిందో ఇక్కడే రాయండి. అదే దారిలో వెళ్లే మిగతా పిల్లలకి కూడా పనికొస్తుంది.